ప్లేట్ల లెక్క: పాత డచ్చి సచిత్ర గ్రంథాలను వర్ణించడం, సేకరించడం

చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్ దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో సుమారు రెండేళ్లుండి, అక్కడి సీతాకోకచిలుకలను, గొంగళిపురుగులను, అవి మేసే మొక్కలను చూసి గీసిన బొమ్మలతో 1705లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఒక పెద్ద గ్రంథాన్ని స్వయంగా వెలువరించింది. అందులో 60 ప్లేట్లు, అంటే పాఠానికి విడిగా అచ్చువేసిన బొమ్మల ఆకులు, ఉంటాయి. ఆమె 1717లో చనిపోయింది. రెండేళ్ల తరువాత అదే ఊళ్లో మరొక ప్రచురణకర్త తెచ్చిన కూర్పులో 12 కొత్త ప్లేట్లు చేరి, లెక్క 72కు పెరిగింది. ఇప్పుడు ఏదో వేలం కేటలాగులో "మేరియన్ కీటక గ్రంథం, చేతిరంగులు, 60 ప్లేట్లు, మంచి స్థితి" అని మాత్రమే ఉందనుకుందాం. అది 1705 నాటి ప్రతి అయితే నిండు పుస్తకం. 1719 నాటిదైతే ఆరో వంతు బొమ్మలు పోగొట్టుకున్న పుస్తకం. ముఖపత్రం ఊడిపోయిన ప్రతి చేతికి వచ్చినప్పుడు ఈ రెంటిలో అది ఏదో తేల్చడానికి బొమ్మల అందం ఏమీ సాయం చేయదు. పుటల అడుగున ఉన్న గుర్తులు, కాగితాన్ని వెలుతురుకు పట్టినప్పుడు లోపల కనిపించే నీటిగుర్తు, ప్లేట్ల మీది సంఖ్యలు, వాటికి ఎదురుగా ఉన్న పాఠం చూడాల్సి వస్తుంది.

పాత సచిత్ర గ్రంథాల సేకరణ అనగానే కంటికింపైన బొమ్మలు తలపుకు వస్తాయి గానీ, ఆ రంగంలో నలిగినవారు పుస్తకం చేతిలోకి తీసుకోగానే చేసే మొదటి పని లెక్కపెట్టడం. వచన గ్రంథంలో పుటల సంఖ్య వరుసగా ఉంటే చాలావరకు నమ్మకం కుదురుతుంది. సచిత్ర గ్రంథంలో పుటలన్నీ ఉండి కూడా పుస్తకం సగం ఖాళీ అయి ఉండవచ్చు, ఎందుకంటే పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల ఐరోపాలో పాఠమూ బొమ్మలూ సాధారణంగా ఒకే యంత్రం మీద, ఒకే రోజున, ఒకే పనివాడి చేతిలో తయారు కాలేదు. అవి విడివిడిగా పుట్టి, బైండరు బల్ల మీద కలిశాయి. ఆ కలయిక ఒక్కో ప్రతికి ఒక్కో రకంగా జరిగింది. అందువల్ల "ఈ గ్రంథం" అని మాట్లాడటం సులువే గానీ, కొనేవాడికీ వర్ణించేవాడికీ ఎప్పుడూ ఎదురయ్యేది "ఈ ప్రతి" మాత్రమే.

ఈ తేడా అంతకుముందు ఇంతగా లేదు. నూరెంబర్గ్‌లో ఆంటన్ కోబర్గర్ 1493లో అచ్చువేసిన హార్ట్‌మన్ షెడెల్ ప్రపంచ చరిత్రలో 1,809 బొమ్మలున్నాయి. వాటికి వాడిన చెక్కదిమ్మలు 645 మాత్రమే. ఒకే రాజు ముఖం నాలుగైదు పేర్లతో, ఒకే నగరం రెండు మూడు పేర్లతో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చెక్కదిమ్మలో గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. సీసపు అక్షరాల ఎత్తుకు సమానంగా దిమ్మను కోసి, అక్షరాల పక్కనే బిగించి, ఒకే దెబ్బకు రెంటినీ అచ్చువేస్తారు. కాబట్టి అలాంటి పుస్తకంలో బొమ్మ పోవాలంటే పాఠం ఉన్న ఆకు కూడా పోవాలి. లెక్కలో మోసం తక్కువ.

రాగిరేకు వచ్చాక పరిస్థితి తిరగబడింది. రాగిరేకు మీద గీత గాడిగా ఉంటుంది. సిరా ఆ గాడిలో నిలుస్తుంది, మిగిలిన రేకును గుడ్డతోనూ అరచేతితోనూ శుభ్రంగా తుడిచేస్తారు, తడి కాగితాన్ని దాని మీద పరిచి రెండు రోలర్ల నడుమ గట్టిగా నొక్కి లాగుతారు. అక్షరాల ముద్రణయంత్రం ఈ పనికి పనికిరాదు. దీనికి వేరే యంత్రం, వేరే పనివాడు, తరచుగా వేరే వీధిలో వేరే దుకాణం అవసరమయ్యేవి. రేకు అంచు కాగితంలోకి దిగి ఒక దీర్ఘచతురస్రపు పల్లం ఏర్పడుతుంది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా తెలిసే ఆ అంచు, బొమ్మ రాగిరేకు నుంచి వచ్చిందనడానికి తొలి సాక్ష్యం. ఇలా తయారైన ప్లేట్ల కట్టను పాఠపు ఫారాలతో, అంటే మడిచిన అచ్చు కాగితాలతో, కలిపి బైండరుకు ఇచ్చేటప్పుడు, ఏ ప్లేటు ఏ పుటకు ఎదురుగా రావాలో చెప్పే చిన్న పట్టికను పుస్తకం చివర అచ్చువేసేవారు. డచ్చి గ్రంథాలలో ఈ "బైండరుకు సూచన" అర పుటకు మించదు, చాలా సందర్భాలలో కొనుగోలుదారులు దాని వంక చూడను కూడా చూడరు. అయితే ప్లేట్ల సంఖ్య విషయంలో గ్రంథమే స్వయంగా ఇచ్చే వాంగ్మూలం అదే. దాన్ని వెతకకుండా "సంపూర్ణం" అని రాసిన కేటలాగు వర్ణన అంచనాయే తప్ప వర్ణన కాదు.

బొమ్మ పాఠంతో పాటు అదే పుటలో రావాలనుకున్నప్పుడు ఒకే కాగితాన్ని రెండు యంత్రాల గుండా పంపేవారు. డచ్చి కవి యాకోబ్ కాట్స్ నీతిపద్యాల గ్రంథాలలో, ఆడ్రియాన్ ఫాన్ డె వెన్నె గీసిన బొమ్మల పుటలను ఏటవాలు వెలుతురులో పట్టుకుంటే ఈ రెండు ప్రయాణాల జాడ కనిపిస్తుంది. అక్షరాల వరుసలు నిటారుగా ఉంటే బొమ్మ ఒక వెంట్రుకవాసి ఒరిగి ఉంటుంది. కొన్ని ప్రతులలో రేకు అంచు పద్యం మొదటి పంక్తిని తాకుతుంది. అచ్చువేసేవాడు ఏమరితే బొమ్మ తలకిందులుగా పడుతుంది. అలాంటి ఆకును పారేయలేక సరైన బొమ్మను వేరే చీటీ మీద అచ్చువేసి పైన అంటించిన ఉదాహరణలు ఆ కాలపు పుస్తకాలలో తగులుతూనే ఉంటాయి. అంటించిన చీటీని చూసి మరమ్మతు అనుకుని ధర తగ్గించిన అమ్మకందారు, అది ముద్రణశాలలోనే జరిగిన సవరణ అని తెలిసిన కొనుగోలుదారుకు మేలు చేసినట్టే.

పాఠానికీ ప్లేట్లకూ మధ్య ఉన్న ఈ ఎడబాటు ఎంతదూరం పోగలదో చూపే ప్రసిద్ధమైన గొడవ ఒకటి ఉంది. వైద్యుడు హోవర్ట్ బిడ్లో 1685లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రకటించిన శరీరశాస్త్ర గ్రంథానికి చిత్రకారుడు గెరార్డ్ డె లెరెస్ 105 ప్లేట్లు గీశాడు. కోసిన దేహం పక్కన ఈగ వాలి ఉండటం, చర్మాన్ని వెనక్కి లాగి పట్టిన గుండుసూదులు, తాళ్లు, అన్నీ ఆ బొమ్మలలో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తాయి. 1690లో డచ్చి భాషలో మరో కూర్పు వచ్చినా పుస్తకం ఆశించినట్టు అమ్ముడుపోలేదు. మిగిలిన ప్లేట్ల ముద్రణలు లండన్ ప్రచురణకర్తల చేతికి వెళ్లాయి. విలియం కౌపర్ అనే శస్త్రవైద్యుడు వాటికి ఇంగ్లీషులో కొత్త పాఠం రాసి, 9 ప్లేట్లు అదనంగా చేర్చి, 1698లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణగా తన పేరుతో విడుదల చేశాడు. బొమ్మల ముఖపత్రం మీద బిడ్లో పేరున్న చోట కౌపర్ పేరు అచ్చువేసిన చీటీ అంటించారు. బిడ్లో మండిపడి లండన్‌లోని శాస్త్రజ్ఞుల సంఘమైన రాయల్ సొసైటీకి ఫిర్యాదు చేశాడు. ఇది గ్రంథచౌర్యమా కాదా అన్న వాదన పక్కన పెడితే, వర్ణించేవాడికి మిగిలే చిక్కు వేరు: రెండు పుస్తకాలలోని ఆ 105 ప్లేట్లను పక్కపక్కన పెట్టి పోల్చితే బొమ్మ ఒక్కటే, రాగిరేకు ఒక్కటే. కాబట్టి ఒక విడి ప్లేటు ఏ పుస్తకం నుంచి వచ్చిందో బొమ్మను బట్టి చెప్పడం కుదరదు. ఇంగ్లీషు ప్రతులలో బొమ్మ భాగాలకు చేతితో చేర్చిన గుర్తుల వంటి చిన్న జాడలే ఆధారం.

పాత రాగిరేకులను కొని తిరిగి వాడుకోవడం లైడెన్‌కు చెందిన పీటర్ ఫాన్ డర్ ఆ చేతిలో ఏకంగా వ్యాపార పద్ధతి అయింది. 1729లో అతడు తెచ్చిన లోకదర్శన గ్రంథమాల 66 భాగాలు, సుమారు 3,000 ప్లేట్లు. వాటిలో చాలావాటికి ఇతరుల రేకులే మూలం. బొమ్మ చుట్టూ కొత్తగా వేరే రేకుతో అలంకారపు చట్రం అచ్చువేయడం అతడి ఎత్తుగడలలో ఒకటి. రేకు ప్రతి ముద్రణకూ కొంచెం అరుగుతుంది; సన్నని గీతలు ముందు పోతాయి, ఆకాశంలోని మబ్బులు, ముఖాలపై నీడలు మాసిపోతాయి, తరువాత ఎవరో ఆ గాడులను మళ్లీ లోతు చేస్తారు, అప్పుడు ముఖకవళికలు మొద్దుబారతాయి. తొలి ముద్రణ నల్లగా, వెలుగునీడల తేడాతో, వెల్వెట్ గుడ్డలా కనిపిస్తుంది. నలభై ఏళ్ల తరువాత అదే రేకు బూడిదరంగు నీడగా మిగులుతుంది. కేటలాగులో "చక్కని ముద్రణ" అన్న మాటకు ఏదైనా అర్థం ఉంటే అది ఇక్కడే ఉంది. మిగతా చోట్ల ఆ మాట పెళ్లిచూపుల్లో "పిల్ల బాగుంటుంది" అన్నంత మాత్రమే.

భాగాలుగా వెలువడిన గ్రంథాలది మరో తలనొప్పి. డచ్చి పక్షుల గురించి కోర్నెలిస్ నోజెమన్ పాఠంతో, సెప్ కుటుంబం చెక్కి రంగులద్ది ప్రచురించిన గ్రంథం 1770లో మొదలై 1829లో ముగిసింది: 5 సంపుటాలు, 250 ప్లేట్లు, సుమారు 60 ఏళ్లు. మొదటి భాగానికి చందా కట్టినవారిలో చివరి భాగం చూసినవారు ఎందరుంటారు? తండ్రి మొదలుపెట్టిన చందాను కొడుకు కొనసాగించిన ఇళ్లలోనే మొత్తం నిలిచింది. కాబట్టి అయిదు సంపుటాలు ఒకే బైండింగులో, ఒకే కొలతలో ఉంటే అది అరుదైన విశేషం. మూడు సంపుటాలు ఒక రకంగా, రెండు మరో రకంగా ఉంటే వేర్వేరు ప్రతులను కలిపి సమితిగా చేశారేమో చూడాలి.

డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున మలబారు కమాండరుగా పనిచేసిన హెన్‌డ్రిక్ ఫాన్ రేడె పూనికతో వచ్చిన మలబారు మొక్కల గ్రంథం హోర్టస్ మలబారికస్ కూడా ఈ కోవలోదే. 1678లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి సంపుటం, 1693లో పన్నెండోది. ప్లేట్లు సుమారు 790, చాలావరకు రెండు పుటల వెడల్పున పరచుకున్నవి. ఈ ప్లేట్లను దగ్గరగా చూస్తే అచ్చుకళ చరిత్రలో ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. కొమ్మకు పైన, పక్కన మొక్క పేరు రోమన్ లిపిలోనే కాక మలయాళ లిపిలో, అరబ్బీలో, కొంకణి కోసం నాగరిలో ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ ముద్రణశాలలో మలయాళ అక్షరాల సీసపు అచ్చులు లేవు. అచ్చులు లేని లిపిని కూడా రాగిరేకు మీద బొమ్మలాగే గీయవచ్చు గనుక, ఆ అక్షరాలు పాఠంలోకి రాలేక చిత్రంలోకి వచ్చాయి. ఆ లిపి తెలియని చెక్కేవాడు వంపులను ఎంత నమ్మకంగా అనుసరించాడో, ఎక్కడ తడబడ్డాడో మలయాళం చదివేవారికి ఇట్టే తెలుస్తుంది. లాటిన్ వర్ణన మాత్రమే చదివే గ్రంథ విక్రేతకు ఆ వివరం దృష్టికి రాదు; చాలా కేటలాగులు "ప్లేట్లపై ప్రాచ్య లిపులు" అని ఒక ముక్కలో తేల్చేస్తాయి.

లెక్కలో రెండో భాగం ఫారాలది. తెలుగు అచ్చుశాలల్లో పదహారు పేజీలను ఒక ఫారంగా చెప్పుకోవడం తెలిసిన పాఠకులకు ఇది కొత్త కాదు. ఐరోపా ముద్రకులు ఒక పెద్ద కాగితాన్ని ఒకసారి మడిస్తే ఫోలియో, రెండుసార్లు మడిస్తే క్వార్టో, మూడుసార్లు మడిస్తే ఆక్టావో. ప్రతి ఫారం మొదటి ఆకుల అడుగున ఎ, బి, సి అంటూ ఒక అక్షరం, దాని పక్కన ఆకు సంఖ్య ఉంటాయి. ఈ వరుసలో 23 అక్షరాలే వాడతారు. ఐ, జె కలిసి ఒకటి, యు, వి కలిసి ఒకటి, డబుల్యు ఉండదు. కొత్తగా చూసేవారు "జె ఫారం పోయింది" అని కంగారుపడటం ఈ రంగంలో అందరికీ ఒకసారి జరిగేదే. కొలత విషయంలో అంగుళాలను నమ్మకూడదు, ఎందుకంటే బైండరు కత్తి ప్రతిసారీ అంచులను కొంత తింటుంది. కాగితం తయారుచేసిన జల్లెడ తీగలు అందులో వదిలిన గీతలను చూడాలి: ఫోలియోలో అవి నిలువుగా, క్వార్టోలో అడ్డంగా, ఆక్టావోలో మళ్లీ నిలువుగా వస్తాయి. నీటిగుర్తు ఫోలియోలో ఆకు నడుమ, క్వార్టోలో కుట్టు దగ్గర మడతలో, ఆక్టావోలో లోపలి పైమూల దొరుకుతుంది. ఒక ఆకును కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఇదంతా అర నిమిషంలో తేలుతుంది. ఛాయాచిత్రాలు చూసి కొనేవారికి ఆ అర నిమిషం దొరకదు.

డచ్చివారు ఈ ఫారం గుర్తులతోనే ఒక చమత్కారం చేశారు. 1800 వరకు నెదర్లాండ్స్‌లో అచ్చయిన పుస్తకాల జాతీయ సూచిలో ప్రతి పుస్తకానికీ ఒక "వేలిముద్ర" నమోదు చేస్తారు. ఫారం గుర్తుకు సరిగ్గా పైన, పాఠం చివరి పంక్తిలో ఏ అక్షరాలు పడ్డాయో చూసి రాసుకోవడమే ఆ వేలిముద్ర. పాఠాన్ని మళ్లీ కూర్చి అచ్చువేసినప్పుడు పంక్తి పంక్తి అనుసరించినా, ఆ గుర్తును మాత్రం అక్షరాలు పేర్చే కూర్పరి చేతికి వచ్చిన చోట పెడతాడు. ఒక అక్షరం అటో ఇటో జరుగుతుంది. ముఖపత్రం మీద ఒకే సంవత్సరం, ఒకే ప్రచురణకర్త పేరు ఉన్న రెండు ప్రతులు నిజానికి రెండు వేర్వేరు కూర్పులని తేల్చడానికి ఇంతకన్నా చౌకైన పద్ధతి దొరకడం కష్టం. ది హేగ్‌లోని జాతీయ గ్రంథాలయం నిర్వహించే ఆ సూచిని ఇంట్లో కూర్చుని వెతికి, చేతిలోని పుస్తకంతో సరిపోల్చుకోవచ్చు. అయితే అంతర్జాలంలోని స్కాన్‌లతో పోల్చేటప్పుడు ఒక హెచ్చరిక అవసరం: పెద్దఎత్తున స్కాన్ చేసిన ప్రతులలో మడత ప్లేట్లను విప్పకుండానే తీసినవి కోకొల్లలు, అక్కడ బొమ్మ కనిపించలేదని మూలంలో లేదనుకోకూడదు.

పుస్తకం తన లోటును తానే బయటపెట్టే జాడలు కొన్ని ఉన్నాయి. గట్టిగా సిరా పట్టిన ప్లేటు ఏళ్ల తరబడి ఎదుటి పుటను ఒత్తుకుని ఉంటే అక్కడ గోధుమరంగులో దాని నీడ పడుతుంది. నీడ ఉండి ప్లేటు లేకపోతే, ప్లేటు ఊడిందన్నమాట. పురుగు తొలిచిన రంధ్రం ఇంకా నిజాయితీగల సాక్షి. అది 40వ ఆకు నుంచి 60వ ఆకు దాకా ఒకే చోట దూసుకుపోతూ, నడుమ ఉన్న ఒక ప్లేటులో మాత్రం లేకపోతే, ఆ ప్లేటు పురుగు పనిచేసిన రోజుల్లో ఈ పుస్తకంలో లేదు. ఎవరో మరో ప్రతి నుంచి తెచ్చి అతికించారు. అతికించడం నేరం కాదు, వందల ఏళ్లుగా జరుగుతున్నదే. దాన్ని వర్ణనలో చెప్పకపోవడమే తప్పు.

రంగుల విషయానికి వస్తే ధరల మీద దాని ప్రభావం అపారం, గందరగోళమూ అంతే. యోవాన్ బ్లావ్ 1662లో ప్రకటించిన మహా అట్లాసు లాటిన్ కూర్పు 11 సంపుటాలు, సుమారు 600 పటాలు. రంగులు లేకుండా 350 గిల్డర్లు, రంగులతో 450 గిల్డర్లు (పాత డచ్చి నాణెం) అని ఆనాటి ధర. ఆ శతాబ్దంలో అంత ఖరీదైన అచ్చు పుస్తకం మరొకటి లేదంటారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పటాలకు, బొమ్మలకు రంగులద్దడమే వృత్తిగా బతికిన వారుండేవారు. వారిలో డిర్క్ యాన్స్ ఫాన్ సాంటెన్ పేరు ఇప్పటికీ కేటలాగులలో ధరను పెంచే మాట. అతడు రంగులతో పాటు బంగారం కూడా అద్దేవాడు. లారెన్స్ ఫాన్ డర్ హెమ్ అనే న్యాయవాది బ్లావ్ అట్లాసును పునాదిగా తీసుకుని వేలకొద్దీ పటాలు, చిత్రాలు చేర్చుకుంటూ పోగా అది 50 సంపుటాలైంది. 1730లో సవాయ్ యువరాజు యూజీన్ కొన్న ఆ సమితి ఇప్పుడు వియన్నాలోని ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఉంది.

ఆనాటి రంగుకూ నిన్న మొన్నటి రంగుకూ తేడా తెలుసుకునే ఒక పాత చిట్కా పటం వెనక్కి తిప్పి చూడటం. అప్పటి ఆకుపచ్చలో రాగి చిలుము ఉండేది. అది కాలక్రమాన కాగితాన్ని మెల్లగా కొరికి, వెనకవైపు గోధుమరంగు మరకగా తేలుతుంది. ఎక్కువ పూసిన చోట కాగితం పెళుసై విరుగుతుంది. అడవులు, సరిహద్దులు ఆకుపచ్చగా మెరిసిపోతూ వెనకవైపు తెల్లగా ఉంటే అనుమానించాలి. ఇది తిరుగులేని రుజువు కాదు, రంగు పలచగా పూసిన పటాలలో మరక రాకపోవచ్చు. మేరియన్ గ్రంథానికి మరో విశేషం ఉంది. కొన్ని ప్రతులలో బొమ్మలు రేకు నుంచి నేరుగా తీసినవి కావు. తడి ఆరని ముద్రణ మీద తెల్ల కాగితం పరిచి మళ్లీ నొక్కితే వచ్చే ప్రతిముద్రలవి. గీత లేతగా ఉంటుంది, రేకు అంచు పల్లం ఉండదు, బొమ్మ కుడిఎడమలు తారుమారై అసలు చిత్రంలో ఉన్న దిశలోకి తిరిగి వస్తుంది. ఆ లేత గీత మీద రంగులద్దితే చేతిచిత్రంలా కనిపిస్తుంది. రేకు అంచు లేదని దాన్ని నకలు అనుకుని వదిలేసినవాడి నష్టం చాలా పెద్దది.

బైండింగు గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. డచ్చి పుస్తకం అనగానే కళ్లముందు మెదిలేది దంతపు రంగు వెల్లం, అంటే సున్నంలో నానబెట్టి సాగదీసి ఆరబెట్టిన దూడతోలు. వెన్ను మీద సిరాతో చేతిరాత పేరు. అది గట్టిది, నిలిచేది, అయితే తేమకు వంకర పోతుంది. వాటిలో ప్రత్యేకంగా సేకరించేవారున్న రకం బహుమతి పుస్తకాలు. లాటిన్ పాఠశాలలో తరగతిలో ముందున్న కుర్రవాడికి నగరపాలకులు ఇచ్చిన ఈ పుస్తకాల అట్టల మీద ఆ నగరపు చిహ్నం బంగారంతో అచ్చొత్తి ఉంటుంది. లోపల అతడి పేరు, పాఠశాల పెద్ద సంతకం ఉన్న యోగ్యతాపత్రం అతికించి ఉండాలి. తరువాతి యజమానులు చాలామంది ఆ పత్రాన్ని చింపేశారు. అది ఉంటే పుస్తకానికి ఒక మనిషి, ఒక ఊరు, ఒక సంవత్సరం ఉంటాయి.

ఈ వర్ణన విద్య గ్రంథాలయాలలో కన్నా ముందు అంగళ్లలో పెరిగింది. ముద్రిత కేటలాగుతో జరిగిన గ్రంథవేలాలలో ఇప్పటికి తెలిసిన తొలి వేలం లైడెన్‌లో 1599లో లూయీ ఎల్జెవియర్ నిర్వహించినది. ఆ కేటలాగులో పుస్తకానికి ఒక పంక్తి చాలింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్ విక్రేత ఫ్రెడెరిక్ ముల్లర్ (1817–1881) ఆ పంక్తిని పేరాగా పెంచాడు. అంతవరకు చిత్తుకాగితాలుగా చూసిన కరపత్రాలను, చారిత్రక చిత్రాలను ఒక్కొక్కటిగా సంఖ్య వేసి, రేకును సవరించక ముందు తీసిన మొదటి స్థితి ఏదో, సవరించాక తీసినది ఏదో వివరించాడు. అతడు పోగేసిన చారిత్రక చిత్రాల సముదాయం 1881లో రైక్స్ మ్యూజియంకు చేరింది. అదే నగరానికి చెందిన మెన్నో హెర్ట్స్‌బెర్హర్ 1935లో డచ్చి పాతపుస్తకాల విక్రేతల సంఘానికి, యుద్ధానంతరం 1948లో రూపుదిద్దుకున్న అంతర్జాతీయ సమాఖ్యకు మూలపురుషులలో ఒకడు. వర్ణనలో చెప్పని లోపం బయటపడితే పుస్తకం వెనక్కి తీసుకోవాలన్న మర్యాద ఈ సంఘాల వల్లే గట్టిపడింది. వేలంశాలలు మాత్రం అట్లాసులను, ప్లేట్ల సంపుటాలను "తిరిగి తీసుకోబడవు" అన్న షరతుతో అమ్ముతాయి. ప్లేట్లను లెక్కపెట్టే భారాన్ని కొనుగోలుదారు మీదికి నెట్టే ఆ చిన్న అక్షరాల వాక్యాన్ని వర్ణనలో భాగంగానే చదవాలి.

తెలుగు నేలతో నేరుగా ముడిపడిన డచ్చి గ్రంథాలు కొన్ని ఈ సంతలో తిరుగుతూ ఉంటాయి. పులికాట్‌లో డచ్చి కంపెనీ మతబోధకుడిగా ఉన్న అబ్రహాం రోజెరియస్ గ్రంథం అతడు పోయాక, 1651లో లైడెన్‌లో వెలువడింది. పద్మనాభుడనే బ్రాహ్మణుడు చెప్పగా రాసుకున్న విషయాలతో పాటు, ఏనుగు లక్ష్మణకవి పద్యాల ద్వారా మనకు పరిచయమైన భర్తృహరి సుభాషితాలు ఐరోపా భాషలోకి తొలిసారి వెళ్లింది ఇందులోనే. 1672లో ఫిలిప్పస్ బాల్డేయస్ మలబారు, కోరమాండల్ వర్ణన, ఓల్ఫర్ట్ డాపర్ ఆసియా వర్ణన రెండూ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫోలియోలుగా వచ్చాయి. డాపర్ ఈ దేశాలలో అడుగుపెట్టలేదు. బాల్డేయస్ సింహళంలో పనిచేసినవాడే అయినా, దశావతారాల భాగానికి ఫిలిప్ ఏంజెల్ అనే కంపెనీ ఉద్యోగి రాతప్రతిని చెప్పకుండా వాడుకున్నాడు. ఆ పుస్తకంలో విష్ణువును చెక్కిన చేతులు గుడి ఎరుగవు, కండలు మాత్రం ఆంట్‌వర్ప్ చిత్రశాలల నుంచి వచ్చినవి. ఇలాంటి ప్లేటును "భారతీయ దేవతల ప్రామాణిక చిత్రణ" అని వర్ణించడం అజ్ఞానం, "వింత ఊహ" అని కొట్టిపారేయడమూ అజ్ఞానమే. ఏ రాతప్రతి నుంచి ఏ చేతుల మీదుగా వచ్చిందో రాయగలిగితే అది వర్ణన. 1693లో వచ్చిన డేనియల్ హావార్ట్ గ్రంథం వీటికి భిన్నం. అతడు గోల్కొండ రాజ్యంలో కంపెనీ కొలువు చేసి, తానీషా, అక్కన్న మాదన్నల కాలాన్ని కళ్లారా చూసినవాడు. క్వార్టోలో అచ్చయిన ఆ పుస్తకం మూడు భాగాలకు పుటల సంఖ్య విడివిడిగా మొదలవుతుంది గనుక, చివరి పుట సంఖ్య చూసి సంపూర్ణమనుకుంటే ఒక భాగమే పోయి ఉండవచ్చు.

ఈ గ్రంథాలకు అసలు శత్రువు చెదపురుగు కాదు, గోడకు వేలాడదీసే చట్రం. నూరు పటాల అట్లాసును ఒక్కటిగా అమ్మితే వచ్చేదాని కన్నా విడదీసి నూరు గోడలకు అమ్మితే ఎక్కువ వస్తుందన్న లెక్క కుదిరిన ప్రతిసారీ ఒక పుస్తకం తగ్గిపోతుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 2005లో నేల మీద పడిన బ్లేడు చూసి సిబ్బంది అప్రమత్తం కావడంతో పట్టుబడిన పటాల వ్యాపారి, వేర్వేరు గ్రంథాలయాల నుంచి 97 పటాలు కాజేసినట్టు ఒప్పుకున్నాడు. విడిపటం కొనేవారు తప్పకుండా చట్రం విప్పించి వెనకవైపు చూడాలి. డచ్చి అట్లాసుల పటాలలో చాలావాటికి వెనక పాఠం ఉంటుంది: లాటిన్, డచ్చి, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్‌లలో ఏదో ఒక భాష, అడుగున ఒక ఫారం గుర్తు, పక్కన పుట సంఖ్య. ఆ మూడూ కలిపితే పటం ఏ కూర్పు, ఏ సంపుటం నుంచి వచ్చిందో చాలా సందర్భాలలో తేలిపోతుంది. అక్కడ ఏ గ్రంథాలయపు ముద్ర అయినా గీకేసిన జాడ ఉంటే అదీ కనిపిస్తుంది. గాజు పలకకు, అట్టకు నడుమ బిగించిన పటంలో ముందుభాగం మాత్రమే అమ్మకానికి కనిపిస్తుంది, కేటలాగులో కొలతలు కూడా చట్రంతో కలిపే ఇస్తారు.